పాత తెలుగు సినిమాలు ఇంట్లో దాచుకోవడం: వేట, పరీక్ష, నకలు, బీరువా

పాత సినిమాల సేకరణ అనగానే చాలామంది పేర్ల జాబితాతో మొదలుపెడతారు. ఒకటి దొరికింది, టిక్కు. ఇంకోటి దొరికింది, ఇంకో టిక్కు. ఈ లెక్కన కొన్నాళ్ళకు రెండొందల డిస్కులు పోగవుతాయి గానీ వాటిలో నిజంగా ఏముందో ఎవరికీ తెలియదు. ఒకే సినిమా వీసీడీలో ఒక నిడివి, డీవీడీలో ఇంకో నిడివి ఉంటుంది. ఒకదాంట్లో పద్యాలు ఎగిరిపోతాయి. ఇంకోదాంట్లో హాస్యం ట్రాకు మాయమవుతుంది. మూడోదాంట్లో అన్నీ ఉంటాయి, కానీ మనుషులు అడ్డంగా సాగిపోయి కనిపిస్తారు. కాబట్టి పేర్లు లెక్కపెట్టడం మానేసి ప్రింట్లు లెక్కపెట్టండి. ఏ ప్రింటులో ఏముంది, ఏం పోయింది అన్నది రాసిపెట్టుకున్నప్పుడే అది సేకరణ అవుతుంది. రాయకపోతే అది సామాను.

"యూట్యూబులో అన్నీ ఉన్నాయి కదా" అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. చాలా ఉన్నాయి, నిజమే. కొన్నిటికైతే అక్కడి ప్రింటే మన డిస్కు కంటే శుభ్రంగా ఉంటుంది. అలాంటప్పుడు మొండికేసి వీసీడీ కొనక్కర్లేదు. కానీ అక్కడ ఈ రోజు ఉన్నది రేపు ఉంటుందన్న హామీ లేదు. మూలన లోగో, మధ్యలో ప్రకటన, పైనా కిందా కోసేసిన బొమ్మ మామూలే.

ముందు హద్దు గీసుకోండి

తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. అక్కణ్ణుంచి అన్నీ కావాలంటే కుదిరే పని కాదు. 1930ల సినిమాల్లో చాలావాటికి ప్రింట్లే మిగల్లేదు. అందుకని ఒక దారం పట్టుకుని వెళ్ళాలి. ఒక దర్శకుడు, ఒక నిర్మాణ సంస్థ, ఒక దశాబ్దం, ఒక గొంతు, ఏదైనా సరే.

విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకు ఈ దారాలు ఇంటి ముంగిట్లోనే దొరుకుతాయి. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఘంటసాల అక్కడే చదువుకున్నారు, ఈ ఊళ్ళోనే మధుకరం (ఇంటింటా అడిగి తెచ్చుకునే అన్నం) ఎత్తుకుని తిన్నారు. పి. సుశీల పుట్టింది విజయనగరంలో, సంగీతం నేర్చిందీ ఆ కళాశాలలోనే. ఈ ఇద్దరి పాటలున్న 1950ల, 60ల సినిమాలు అని గీత గీసుకుంటే చాలు, పదేళ్ళకు సరిపడా పని.

మాటల వైపు నుంచి రావాలనుకుంటే పింగళి నాగేంద్రరావు ఉన్నారు. ఆయన పుట్టింది రాజాంలో. 'పాతాళ భైరవి' (1951), 'మాయాబజార్' (1957) ఆయన రాతలే. నాటకం వైపు నుంచి వస్తే గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడింది, 1955లో పి. పుల్లయ్య దాన్ని సినిమా తీశారు. 'శంకరాభరణం' (1980) శంకరశాస్త్రి వేషం వేసిన జె.వి. సోమయాజులుది శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం. చరిత్ర కావాలంటే 'బొబ్బిలి యుద్ధం' (1964) ఉండనే ఉంది.

నా మటుకు నాకు గొంతు పట్టుకుని వెళ్ళడమే ఇష్టం. దానికి కారణం నిడివి లెక్క దగ్గరకు వచ్చాక చెప్తాను.

క్యాసెట్, వీసీడీ, డీవీడీ: దేనిలో ఎంత

వీహెచ్‌ఎస్ క్యాసెట్ మన ఇళ్ళలోకి 1980లలో వచ్చింది. మన దగ్గర వాడేది పాల్ అనే టీవీ పద్ధతి. క్యాసెట్ మీద ఈ-180 అని ఉంటే 180 నిమిషాలు పడుతుందని అర్థం. బొమ్మ మెత్తగా, రంగులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. అయినా క్యాసెట్‌ను తీసిపారేయకండి. డిస్కుగా ఎప్పుడూ రాని సినిమాలు, డిస్కులో లేని పాటలు ఇప్పటికీ క్యాసెట్లలో బయటపడుతుంటాయి.

వీసీడీ బొమ్మ కొలత 352 × 288 చుక్కలు. ఒక డిస్కులో 74 నుంచి 80 నిమిషాలే పడుతుంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కొట్టు దగ్గర పనికొస్తుంది. రెండు డిస్కులంటే మహా అయితే 160 నిమిషాలు. మూడు గంటల సినిమా రెండు డిస్కుల పెట్టెలో కనబడిందంటే, అట్ట తెరవకముందే చెప్పేయొచ్చు కనీసం పది పన్నెండు నిమిషాలు ఎక్కడో పోయాయని.

డీవీడీ బొమ్మ 720 × 576 (పాల్) లేదా 720 × 480 (ఎన్‌టీఎస్‌సీ, అంటే అమెరికా టీవీ పద్ధతి). ఒక పొర డిస్కు 4.7 జీబీ, రెండు పొరలది 8.5 జీబీ. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళ కోసం వేసినవి చాలావరకు ఎన్‌టీఎస్‌సీవి. మన ప్లేయర్లలో అవి మామూలుగా ఆడతాయి. రీజియన్ కోడ్ (ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అంకె) మాత్రం చూసుకోండి: మనది 5, సున్నా అని ఉంటే ఎక్కడైనా ఆడుతుంది. బ్లూరేలో పాత తెలుగు సినిమాలు అరుదు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

'త్రీ ఇన్ వన్', 'ఫైవ్ ఇన్ వన్' డీవీడీలు చూడగానే చెయ్యి లాగుతుంది. ఒక్క లెక్క చేసి చూడండి. 4.7 జీబీలో రెండున్నర గంటల సినిమాలు మూడు కుక్కితే సెకనుకు 1.4 మెగాబిట్లు కూడా మిగలవు. అది వీసీడీ స్థాయి. 8.5 జీబీలో అయిదు పెట్టినా 1.5 దగ్గరే ఆగుతుంది. డీవీడీ అట్టలో వీసీడీ అమ్ముతున్నారన్నమాట. ఇంకెక్కడా దొరకని సినిమా ఉంటే తప్ప వాటి జోలికి వెళ్ళకండి.

ఎక్కడ వెతకాలి

కొత్త డిస్కులు అమ్మే కొట్లు మన ఊళ్ళలో దాదాపు మూతపడ్డాయి. ఒకప్పటి సీడీ షాపులు ఇప్పుడు మొబైల్ షాపులు. అయినా వాటి అటక మీద పాత సరుకు ఉండే అవకాశం ఉంది. విజయనగరంలో గంటస్తంభం, మూడు లాంతర్ల చుట్టుపక్కల, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి, పాత బస్టాండు వైపు కొంచెం పాతబడిన ఎలక్ట్రానిక్స్ కొట్లలో అడగండి. "ఏటి బాబూ, ఇవింకా ఎవులు చూస్తారు?" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. అటక మీద ఉన్నది దింపమని అడగడం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే బల్ల మీద ఉన్నవాటిలో పాత సినిమా ఉండదు.

ఇంతకంటే మంచి చోటు ఇళ్ళు. 80లలో, 90లలో వీసీఆర్ కొన్న కుటుంబాల్లో క్యాసెట్లు ఇప్పటికీ ట్రంకు పెట్టెల్లో ఉంటాయి. అడగడానికి మంచి సమయం ధనుర్మాసం. సంక్రాంతికి ఇళ్ళు దులుపుతారు, అటకలు ఖాళీ చేస్తారు, అక్కర్లేనివన్నీ భోగి మంటకు పక్కన పెడతారు. భోగికి వారం ముందే మీ వీధిలో, చుట్టాల్లో చెప్పి ఉంచండి: "పిన్నీ, పాత క్యాసెట్లుంటే పారేయకండి, నేనొచ్చి తీసుకుంటాను." ప్లాస్టిక్ మంటలో పడకపోవడం ఊరికీ మంచిదే. క్యాసెట్ మీద 'పెళ్ళి' అని రాసి ఉన్నా వదిలేయకండి. పెళ్ళి వీడియో అయిపోయాక మిగిలిన టేపు మీద దూరదర్శన్‌లో వచ్చిన సినిమా రికార్డు చేసుకున్నవాళ్ళు చాలామంది. ఆ పెళ్ళిని కూడా నకలు తీసి వాళ్ళకు ఇస్తే వచ్చే ఏడాది వాళ్ళే పిలిచి ఇంకో పెట్టె ఇస్తారు.

తుక్కు కొట్లు మూడో చోటు. అక్కడ డిస్కులు కిలోల లెక్కన వస్తాయి, గీతలు పడి ఉంటాయి, అయినా అట్టలూ పాటల పుస్తకాలూ దొరుకుతాయి. విశాఖ వెళ్తే పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల, హైదరాబాద్ వెళ్తే ఆదివారం అబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాల మధ్య వెతకండి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అట్ట ముందువైపు ఫొటో ఒక్కటే పంపితే ఒప్పుకోవద్దు. డిస్కు మెరిసే వైపు ఫొటో అడగండి.

ఈ పాటల పుస్తకాల గురించి ఒక మాట. హాలు దగ్గర అమ్మే ఆ నాలుగైదు కాగితాల పుస్తకంలో నటీనటుల పేర్లు, సగం కథ, 'మిగతా వెండితెరపై చూడండి' అన్న ఊరింపు, పాటలన్నీ వరసగా ఉంటాయి. పాత సినిమా సేకరించేవాడికి ఇంతకన్నా పనికొచ్చే కాగితం లేదు. అందులోని పాటల వరస పక్కన పెట్టుకుని డిస్కు చూస్తే కత్తెర ఎక్కడ పడిందో ఇట్టే తెలుస్తుంది.

కొనే ముందు చేతిలో పట్టుకుని చూడండి

డిస్కును వెనక్కి తిప్పండి. కంపెనీ అచ్చు వేసిన డిస్కు వెండిలా మెరుస్తుంది. ఊదా రంగో, నీలి ఛాయో కనిపిస్తే అది ఇంట్లో రాసిన డిస్కు. లోపలి వలయం దగ్గర సన్నటి అక్షరాలు, అంకెలు చెక్కి ఉండడం కంపెనీ డిస్కుకు ఇంకో గుర్తు. ఇంట్లో రాసిన డిస్కులో రంగు పొర వేడికీ వెలుతురుకూ వెలిసిపోతుంది, ఎన్నాళ్ళు ఆడుతుందో చెప్పలేం.

తర్వాత ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి పట్టుకుని చూడండి. సూదిమొన లాంటి వెలుగు చుక్కలు కనిపిస్తే అక్కడ అల్యూమినియం పొర పోయినట్టు. అది ఏ క్రీముతోనూ బాగుపడదు. కింది వైపు గీతలకు మాత్రం అంత భయపడక్కర్లేదు. మధ్య నుంచి అంచుకు వెళ్ళే గీతను ప్లేయరు దాటేస్తుంది. ట్రాకు వెంట గుండ్రంగా తిరిగే గీతే ప్రమాదం.

వీసీడీకీ డీవీడీకీ ఇక్కడ పెద్ద తేడా ఉంది. డీవీడీలో సమాచారం ఉన్న పొర రెండు పలకల మధ్య భద్రంగా ఉంటుంది. వీసీడీలో అది పై అట్టబొమ్మకు సరిగ్గా కిందే, సన్నటి లక్క పూత చాటున ఉంటుంది. అంటే వీసీడీకి బొమ్మ ఉన్న వైపే సున్నితం. దాని మీద బాల్‌పెన్నుతో పేరు రాయకండి, స్టిక్కరు అంటించకండి. ఉన్న స్టిక్కరును పీకితే సినిమా కూడా దాంతోనే వస్తుంది.

క్యాసెట్ అయితే కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. తెల్లగా పొడిలా, దారాల్లా ఉంటే బూజు. బూజు క్యాసెట్‌ను మీ వీసీఆర్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. టేపును చదివే హెడ్లకు అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది.

నిడివి లెక్క

సేకరణలో అసలు రుచి ఇక్కడుంది. సినిమా మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్ మన డిస్కులో ఉంటే అక్కడ ఆపి చదవండి. రీళ్ళెన్ని, నిడివి ఎంత అని ఉంటుంది, పాతవాటిలో అడుగుల్లో, తర్వాతవాటిలో మీటర్లలో. 35 ఎంఎం ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, మీటర్లలో 27.43. కాబట్టి 16,000 అడుగులంటే దాదాపు 178 నిమిషాలు. 5,000 మీటర్లంటే 182 నిమిషాలు. ఇప్పుడు మీ డిస్కు నిడివిని దీని పక్కన పెట్టండి.

ఆగండి, వెంటనే "కోసేశారు" అని తీర్పు ఇవ్వకండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు. పాల్ వీడియో సెకనుకు 25. పాల్‌లోకి ఎక్కించేటప్పుడు చాలాచోట్ల ఆ 24నే 25గా నడిపించేస్తారు. సినిమా నాలుగు శాతం వేగంగా పరుగెడుతుంది. 180 నిమిషాలది 172 నిమిషాల 48 సెకన్లకు ముగుస్తుంది, ఒక్క ఫ్రేము కూడా పోకుండానే. కాబట్టి ముందు వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి కోడెక్ సమాచారం చూడండి. 25 అని ఉంటే సర్టిఫికెట్ నిడివిని 0.96తో గుణించి పోల్చండి. 29.97 అని ఉంటే అది ఎన్‌టీఎస్‌సీ. అక్కడ ఈ పరుగు ఉండదు, నేరుగా పోల్చవచ్చు. గుణించాక కూడా అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే అప్పుడు పాటల పుస్తకం తీయండి.

గొంతు పట్టుకుని వెళ్ళడం ఇష్టమని అందుకే అన్నాను. వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. 24 నుంచి 25కి మార్చినప్పుడు దాదాపు ముప్పావు అరస్వరం పైకి పోతుంది. ఘంటసాల గొంతు కొంచెం పలచబడినట్టు, సుశీల గొంతు ఇంకా సన్నబడినట్టు వినిపిస్తుంది. మామూలు చెవికి తెలియకపోవచ్చు. హార్మోనియం పక్కన పెట్టుకుని పాట నేర్చుకునే ఊరు విజయనగరం, ఇక్కడ తెలిసిపోతుంది. అదే పాట గ్రామఫోన్ రికార్డు నుంచి వచ్చిన ఆడియో మీ దగ్గరుంటే రెండూ పక్కపక్కన వినండి. సినిమా చూడ్డానికి పాల్ ప్రింటు బాగున్నా, పాట వినడానికి ఎన్‌టీఎస్‌సీ ప్రింటు మేలు అన్న సందర్భాలు ఉంటాయి. అలాంటప్పుడు రెండూ ఉంచుకోండి.

బొమ్మ ఆకారం

1950ల సినిమాలు దాదాపు చదరానికి దగ్గరగా, 1.37:1 కొలతలో తీసినవి. ఇప్పటి వెడల్పు టీవీలో అవి మధ్యలో ఉండి అటూ ఇటూ నల్లగా ఉండాలి. తెర నిండలేదని టీవీలో 'వైడ్' నొక్కితే సావిత్రి ముఖం గుమ్మడికాయ అవుతుంది. కొన్ని డిస్కుల్లోనూ, చాలా యూట్యూబు ప్రింట్లలోనూ పైనా కిందా కోసి వెడల్పు చేస్తారు. తలలు నుదుటి దగ్గర తెగిపోతుంటే, పేర్ల అక్షరాలు అంచుకు అంటుకుంటే అది కోసిన ప్రింటు.

స్కోప్ (బాగా వెడల్పు తెర) సినిమాలది తిరగేసిన కష్టం. తెలుగులో మొదటి సినిమాస్కోప్ 'అల్లూరి సీతారామరాజు' (1974). అంత వెడల్పు బొమ్మను పాత టీవీల కోసం వీడియోకు ఎక్కించేటప్పుడు పక్కలు కోసేసేవాళ్ళు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకరి ముక్కు, ఇంకొకరి చెవి మాత్రమే కనబడితే ఆ బాపతే. 1974 తర్వాతి సినిమాలు కొనేటప్పుడు ఇది ముందు చూడండి.

రంగుల సంగతి కూడా ఇక్కడే. తెలుగులో పూర్తి రంగుల సినిమా 1963 'లవకుశ'తో మొదలైంది. అంతకు ముందుది మొత్తం రంగుల్లో కనబడితే తర్వాత అద్దిన రంగు అయ్యుండాలి. 'మాయాబజార్'కు రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేశారు. అందులో కొన్ని పాటలు తీసేశారు. కాబట్టి నలుపు తెలుపు ప్రింటునూ రంగుల ప్రింటునూ రెండు వేరే వస్తువులుగా రాసుకోవాలి. ఒకటి ఉంది కదా అని రెండోది పారేయకూడదు.

కంప్యూటర్‌లోకి ఎక్కించడం

ముందు తుడవండి. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా. గుండ్రంగా తిప్పి తుడిస్తే ఇందాక చెప్పిన ప్రమాదకరమైన గీతలు మీరే గీసినట్టు. జిడ్డుంటే ఒక చుక్క సబ్బు నీళ్ళు, తర్వాత మంచినీళ్ళు, నీడలో ఆరబెట్టాలి.

డీవీడీకి యూఎస్‌బీ డ్రైవు, మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్ చాలు. అది బొమ్మను మార్చకుండా ఉన్నదున్నట్టు ఒక ఫైలులో పెడుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో చిన్న ఫైలు చేసుకోవడం ఇంకో పని. అది ఫోనులోనో టీవీలోనో చూసుకోవడానికి. దాచేది మాత్రం మార్చని ఫైలే. కదిలే చోట దువ్వెన పళ్ళ లాంటి గీతలు కనిపిస్తే కంగారు పడకండి, పాత వీడియో బొమ్మను రెండు సగాలుగా నింపడం వల్ల వచ్చేవి అవి. వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ నొక్కి చూసుకోవచ్చు. ఫైలులో శాశ్వతంగా సరిచేయబోయి పాడుచేయవద్దు.

వీసీడీలో 'ఎంపెగ్‌ఏవీ' అనే ఫోల్డరు, అందులో డీఏటీ (.dat) ఫైళ్ళు ఉంటాయి. మామూలుగా కాపీ చేస్తే వస్తాయి, వీఎల్‌సీలో ఆడతాయి. కానీ సగంలో ఆగిపోవడం వీసీడీలతో మామూలే. ఎక్కువ వీడియో పట్టాలని ఈ పద్ధతిలో తప్పులు దిద్దుకునే అదనపు సమాచారాన్ని తగ్గించేశారు. చిన్న మచ్చకే డ్రైవు చేతులెత్తేస్తుంది. అప్పుడు ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో తీయండి, వేగం తగ్గించండి, అన్నిటికంటే ముఖ్యంగా డ్రైవు మార్చండి. ఒక డ్రైవు చదవలేనిది ఇంకోటి చదివేయడం తరచుగా జరుగుతుంది. ఇద్దరు ముగ్గురు మిత్రుల పాత ల్యాప్‌టాప్‌లు ఇందుకు బంగారం. మొండి డీవీడీలకు డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. చదవగలిగినంత చదివి, చదవలేని చోట్లకు మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. ఒకే సినిమా డీవీడీలు రెండు పాడైనవి దొరికితే రెండిటినీ కలిపి ఒక మంచి ప్రతి చేయగలదు, రెండూ ఒకే ముద్రణవి అయితే.

క్యాసెట్‌కు ఓపిక కావాలి. వీసీఆర్‌లు కొత్తవి లేవు. చివరిదాకా తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేసింది. ఉన్నవాటినే బాగుచేయించుకోవాలి. పెళ్ళి వీడియోలు తీసే పాత స్టూడియోల్లో అడగండి. కొందరి దగ్గర పనిచేసే వీసీఆర్ ఉంటుంది, లేకపోతే బాగుచేసే మనిషి నంబరు ఉంటుంది.

క్యాసెట్ పెట్టే ముందు వెనక అంచున చిన్న ప్లాస్టిక్ పలుకు ఉందేమో చూసి విరిచేయండి. పొరపాటున రికార్డు నొక్కినా చెరిగిపోదు. తర్వాత చివరిదాకా ముందుకు, మళ్ళీ మొదటికి ఒకసారి తిప్పండి. ఏళ్ళ తరబడి అతుక్కున్న చుట్టలు వదులవుతాయి. పెట్టె విరిగితే మరలు విప్పి, టేపును మంచి పెట్టెలోకి మార్చవచ్చు. హెడ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించండి. వీసీఆర్ నుంచి పసుపు, ఎరుపు, తెలుపు తీగలు యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి, అక్కణ్ణుంచి కంప్యూటర్‌కు. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 720 × 576, సెకనుకు 25 ఫ్రేములు పెట్టుకోండి. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. సెకనుకు 6 మెగాబిట్ల లెక్కన గంటకు 2.7 జీబీ, సినిమాకు 8 జీబీ అనుకోండి. శబ్దం ఒక పక్కే వస్తుంటే భయపడొద్దు, చాలా పాత వీసీఆర్‌లు మోనోనే.

పేరు, నంబరు, నోటు పుస్తకం

ఫైలు పేరులో సంవత్సరం లేకపోతే గందరగోళం ఖాయం. 'దేవదాసు' 1953లో ఉంది, 1974లో ఉంది, 2006లో ఉంది. 'మల్లీశ్వరి' 1951లోనూ 2004లోనూ, 'మిస్సమ్మ' 1955లోనూ 2003లోనూ వచ్చాయి. 'లవకుశ' 1934లో ఒకటి, 1963లో ఒకటి. 'భక్త ప్రహ్లాద' అయితే 1932, 1942, 1967. దీనికి తోడు 'పాతాళ భైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్' తమిళంలోనూ తీశారు. ఆన్‌లైన్‌లో అట్ట బొమ్మ చూసి కొంటే తమిళ ప్రతి ఇంటికి వస్తుంది.

నేను సూచించే పద్ధతి ఇది. డిస్కు ఇంటికి వచ్చిన వరసలో నాలుగంకెల నంబరు ఇవ్వండి. అదే నంబరు అట్ట మీద, ఫైలు పేరు మొదట్లో, పుస్తకంలో. ఫైలు పేరు ఇలా ఉంటుంది: '0112 – మిస్సమ్మ – 1955 – తెలుగు – వీసీడీ'. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగు రాస్తారు, వెతికినప్పుడు దొరకదు. తెలుగులోనే రాయండి. కొన్ని పాత టీవీల్లో తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపిస్తాయి, అందుకే ముందు నంబరు. బీరువాలో అక్షరక్రమం పెట్టుకోవద్దు. కొత్తది వచ్చిన ప్రతిసారీ అన్నీ జరపాలి. నంబరు వరసలో పేర్చి, అక్షరక్రమం పని ఎక్సెల్‌కు వదిలేయండి.

ఎక్సెల్‌లో సినిమా పేరు, సంవత్సరం, దర్శకుడు అందరూ రాసేవే. అసలు గడులు వేరే: డిస్కు వేసిన కంపెనీ, డిస్కులెన్ని, కొలిచిన నిడివి, 25 ఫ్రేములా 29.97నా, సెన్సార్ నిడివి, బొమ్మ ఆకారం, లేని పాటలు, ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ దొరికింది, ఎప్పుడు. ఒకే సినిమాకు రెండు ప్రింట్లుంటే రెండు వరసలు. ఓపికుంటే పాటలకు, పద్యాలకు సమయాలు రాయండి. ఇంటికి వచ్చిన పెద్దాయన "ఆ పద్యం పెట్టు నాయనా" అంటే గంటసేపు వెతక్కుండా నేరుగా అక్కడికి వెళ్ళొచ్చు.

మన గాలిలో దాచడం

మన తీరంలో ఎండ కంటే తేమతోనే ఎక్కువ గొడవ. వానాకాలమంతా గోడలు చెమ్మగా ఉంటాయి, కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు ఉప్పుగాలి కూడా. డిస్కులను బయటి గోడకు ఆనించిన అల్మారాలో పెట్టకండి. లోపలి గోడ దగ్గర, నేల నుంచి కనీసం రెండడుగుల ఎత్తున, పుస్తకాల్లా నిలబెట్టి ఉంచండి. క్యాసెట్లూ నిలువుగానే, టేపు మొత్తం ఒక వైపుకు చుట్టి. ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్ల పక్కన క్యాసెట్లు వద్దు.

మెత్తని పీవీసీ కవర్లు మన వేసవిలో డిస్కుకు అతుక్కుపోతాయి. కాగితం కవరో, గట్టి పెట్టెనో వాడండి. సిలికా జెల్ పొట్లాలు వేయండి, రంగు మారినప్పుడు వేడిచేసి మళ్ళీ వాడొచ్చు. బట్టల బీరువాలో కలరా ఉండలు వేసే అలవాటు అందరికీ ఉంది. ఆ బీరువాలో డిస్కులు పెట్టకండి, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌కు పడదు.

మూడో కాపీ ఊరి బయట

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఇళ్ళున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. బీరువా ఎంత మంచిదైనా పైకప్పు లేచిపోతే ఏం చేయలేదు. అందుకని మూడు కాపీలు ఉండాలి: డిస్కు, ఇంట్లో ఒక హార్డ్ డిస్కు, వేరే ఊళ్ళో ఇంకో హార్డ్ డిస్కు. విశాఖ కూడా అదే తుఫాను దారిలో ఉంది కాబట్టి మూడోది హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడింట్లోనో, అక్కయ్య ఇంట్లోనో ఉంటే మేలు. పండగకు వచ్చినప్పుడు తెస్తే కొత్తవి ఎక్కించి పంపొచ్చు.

రెండొందల సినిమాలు సగటున 8 జీబీ అనుకుంటే 1.6 టీబీ, కాబట్టి 2 టీబీ డ్రైవు సరిపోతుంది. ఫార్మాట్ ఎక్స్‌ఫాట్ ఎంచుకోండి. పాత ఫాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. కాపీ చేశాక చెక్‌సమ్ (ఫైలులోని సమాచారం నుంచి కట్టే గుర్తు అంకె) తీసి పెట్టుకుంటే ఫైలు లోలోపల చెడిపోయిందో లేదో తర్వాత తెలుస్తుంది. డ్రైవును నెలల తరబడి మూలన పడేయకుండా అప్పుడప్పుడు తగిలించి, ఏవో నాలుగు ఫైళ్ళు మధ్యలోంచి ఆడించి చూడండి. కరెంటు పోయి వచ్చే రోజుల్లో కాపీ పనులు పెట్టుకోవద్దు, లేదా ఇన్వర్టర్ మీద నడపండి.

చట్టం, అరువు

మన కాపీరైట్ చట్టంలో సినిమాకు గడువు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు. 1963 సినిమాకు 2023 డిసెంబరు 31తో తీరింది. కానీ పాటల సాహిత్యానికి, సంగీతానికి లెక్క వేరే, రాసినవారి మరణం తర్వాత 60 ఏళ్ళు. కాబట్టి "సినిమా పాతది కదా" అని యూట్యూబులో ఎక్కించడం, కాపీలు అమ్మడం చేయకండి. మీరు కొన్న డిస్కుకు మీ ఇంట్లో చూసుకోవడానికి ఒక నకలు, అంతవరకే.

అరువు అడిగేవాళ్ళు వస్తారు. కాదనలేం. ఇవ్వండి, కానీ పుస్తకంలో చివర రెండు గడులు వేయండి: ఎవరికి, ఏ తేదీన. తిరిగి వచ్చాక బీరువాలో పెట్టేముందు డిస్కును మళ్ళీ ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూడండి. రెండు డిస్కుల పెట్టె అయితే తెరిచి రెండూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. మొదటి డిస్కు వచ్చి రెండోది వాళ్ళ ప్లేయరులోనే ఉండిపోవడం సర్వసాధారణం.